యాదమ్మ కూర్చున్న బల్ల

మర్రిగూడ, శనివారం, 1962

నేను పాఠం చెప్పే నాలుగో తరగతి యాదమ్మ కాళ్లు వంకర. ఆమె నడకను వెక్కిరించే మగపిల్లలు ఈరోజు బడి మెట్ల మీంచి తోసేశారు. మోచేయి చీరుకుపోయింది.

హెడ్మాస్టరు ఆమె తండ్రిని పిలిపించి అన్న మాటకు ఇంకా ఒళ్లు మండుతోంది. "పిల్లలన్నంక నవ్వుతరు. కొన్నొద్దులు నీ బిడ్డను ఇంట్లనే ఉంచుకో." తోసినవాళ్లను ఒక్క మాట అనలేదు. పైఅధికారులకు రాద్దామని నేనంటే, "బడి పేరు ఖరాబు చేస్తవా?" అని నామీదికి లేచాడు. నేను నోరు మూసుకున్నాను.

తండ్రి మూసుకోలేదు. కూతుర్ని ఎత్తుకొచ్చి ముందు బల్లమీద కూర్చోబెట్టాడు.

"తోసినోళ్లు బడిల, పడ్డ పిల్ల ఇంట్లనా సారూ? నా బిడ్డ గీడనే కూసుంటది."

పంతులుగా నేను అనాల్సిన మాట అది. ఉత్తరం ఇప్పుడే రాసి, కింద నా పేరు పెట్టాను. సోమవారం హెడ్మాస్టరు ఏమంటాడో...