పంపంటే పంపాను

మామయ్యకు,

నీ మేనకోడలు రాయునది. నేను క్షేమం. నాకు మతి చలించలేదు, సన్యాసం పుచ్చుకోవడమూ లేదు.

మన ఇంట్లో నన్ను సరిగ్గా చదివినవాళ్లు ఒక్కరూ లేరు. పోయిన ఉత్తరంలో "శూన్యం కోసం తిరుగుతున్నాను, ఎంత శూన్యమైతే అంత మంచిది" అని రాస్తే అందరూ కూర్చుని ఏడ్చారట. తప్పు నీది. ముప్పయ్యేళ్లు అచ్చాఫీసులో తప్పులు దిద్దిన అలవాటుతో, ఇంగ్లీషు ముక్క కనబడితే ఎర్రసిరా పూసి ఉత్తరం వెనక్కి కొడతానన్నావు. అందుకే వాక్యూమ్‌ని శూన్యం చేశాను. మా షాంపూ ఫ్యాక్టరీలో తొట్టికి మూత బిగించి లోపలి గాలి లాగేస్తే బుడగలు పోతాయి. అంతే శూన్యం. ఆ లాగే యంత్రం ఎంచేశాను. ఇక షాంపూని తొట్టి నుంచి సీసాల దాకా తోసే యంత్రం ఎంచాలి. సరిగ్గా ఎంచితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికే. నాన్న అప్పుడే నా గది దులిపించారట.

ఇట్లు,
నిక్షేపంలా ఉన్న మేనకోడలు

తా.క. రెండు చూశాను. ఒకటి తెగ తిరుగుతుంది, మహా జోరు. మా యజమానికి అదే నచ్చింది. నాకు మాత్రం నిదానంగా తిరిగేదే కావాలి.

* * *

చి.ల.సౌ. కాబోతున్న మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ అమ్మకి ఉత్తరమంతా వినే ఓపిక లేదు, తాజా కలం ఒక్కటే చదవమంటుంది. చదివాను. కళ్లు తుడుచుకుని, "తెగ తిరిగేవాడు మనకొద్దు, నిదానస్తుడే నయం" అంది. నువ్వు "తిరిగేది" అని రాశావు. మనిషిని అలా అనకూడదు. "తిరిగేవాడు" అని దిద్దాను. నిదానస్తుడికి మాత్రం తిరుగుళ్లెందుకని మీ నాన్న అడుగుతున్నాడు.

ఇట్లు,
మామయ్య

తా.క. అబ్బాయి ఎత్తెంత?

* * *

మామయ్యా,

అబ్బాయి లేడు. యంత్రం. జోరుగా తిరిగేది షాంపూని గిలక్కొట్టి నురగ చేస్తుంది, నేను లాగించిన గాలంతా మళ్లీ లోపలికెక్కుతుంది. నిదానంగా తిరిగేది దోసిళ్లతో అందించినట్టు మెల్లగా జరుపుతుంది. సోమవారం రెండూ తిప్పి చూస్తారు. యజమాని ఎదుట నాకు నోరు పెగలదు, అదే భయం. కార్డులో చోటు లేదు. నీకేం కావాలే అని అమ్మ అడిగితే, పంపు. అంతే.

ఇట్లు, మేనకోడలు

తా.క. ఎత్తు మూడడుగులు. బరువు నూట నలభై కిలోలు. కాళ్లు నాలుగు, నాలుగూ నేలకి బిగించాలి.

* * *

మేనకోడలికి,

కార్డు అందింది. నీ రాతలో ఇంగ్లీషు ఉండదు కనుక అర్థం కావడానికి క్షణం పట్టలేదు. "నీకేం కావాలే" అని మీ అమ్మ అడిగింది. పంపాను. సోమవారం పొద్దున్న దిగుతుంది.

ఇట్లు,
చెప్పింది చెప్పినట్టు చేసే మామయ్య

తా.క. నాలుగు కాళ్ల సంగతి ఆవిడకి చెప్పలేదు. దారిలో బెంగపెట్టుకుంటుంది.

* * *

మామయ్యా,

పంపంటే నీళ్లు తోడే పంపులాంటి ఆ యంత్రమే. ఆ ముక్క ఇంగ్లీషుదే. దిద్దినా ఇక లాభం లేదు.

అమ్మ స్టేషన్ నుంచి సంచీతో సహా ఫ్యాక్టరీకే వచ్చింది. "అబ్బాయేడే?" అంది. చూపించాను. పైనుంచి కిందిదాకా చూసి, "నిదానస్తుడే" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

ముందు యజమానికి నచ్చిన యంత్రం తిప్పారు. చిటికెలో సీసా నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఆ సీసా ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ టీ తాగడం పూర్తయ్యేసరికి నురగ దిగి సీసా సగానికొచ్చింది.

"బాబూ, తక్కిన సగం ఏదీ?" అంది యజమానితో.

అప్పుడు నాకు నోరు పెగిలింది. గాలెక్కడ దూరిందో, ఎందుకు దూరిందో, నాదైతే ఎందుకు దూరదో, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాది తిప్పారు. సీసా ఆలస్యంగా నిండింది, నిండినది నిండినట్టే ఉంది. యజమాని ఆ సీసాని వెలుగుకెత్తి చూసి, ఉద్యోగం కాగితం నా ముందుకు తోశాడు. సంతకం పెట్టాను.

ఇట్లు,
ఉద్యోగం ఖాయమైన మేనకోడలు

తా.క. అమ్మ నెల్లాళ్లు ఇక్కడే ఉంటుంది. నాన్న "పంపు" అని రాస్తే, ఏ పంపు, ఎంత ఎత్తు అని అడగమంది. దులిపిన గదిలో నీ పుస్తకాలు పెట్టుకో. నేను రావడం లేదు.