రోడ్డు మీంచి కనపడే మెరుపు

అయోవా,
అక్టోబరు, ఆదివారం.

తమ్ముడు వెర్లిన్‌కు అక్క మార్లిస్ ఆశీస్సులు.

ఇక్కడ మేం తిని తిరుగుతున్నాం. మొక్కజొన్న కోత సగమైంది, పందుల దొడ్డి పని నామీదే ఉంది. నీ ఓడ ఏ రేవులో ఉన్నా నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను.

పాత టెస్లా కాయిల్ గాలిలోకి బాగానే మెరుపులు చిమ్ముతుంటే నాన్న ఈ వయసులో ఇంకోటి, అంత పెద్దది, ఎందుకు చుట్టాడని అడిగావు. పక్క పొలం ఆర్విడ్ కూడా నాన్నను అదే అడిగాడు.

"పైపు పొడుగైతే మెరుపూ పొడుగవుతుందనా, ఎమిల్?"

"పైపు మెరుపునివ్వదురా బాబూ. మెరుపు కరెంటుది. చిన్న పైపు ఆ కరెంటు మొయ్యలేదు, అంతే."

అది నిజమే. స్తంభం మీంచి దించిన పాత ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి చూస్తే, పాత కాయిల్ మెరుపు గాలిలోకి పోకుండా దాని ఒంటి మీదే పాకి వార్నిష్ కాల్చేసింది. అందుకే ఈసారి మురుగునీటి పైపు, నా రెండు చేతులకీ అందనంత లావుది, తెచ్చాడు. నిలబెడితే నా గుండె దాకా వస్తుంది. ఈ వేసవిలో నాన్న పైపు తిప్పాడు, నేను రాగి తీగ బిగించి పట్టుకున్నాను. మధ్యలో నాకు తుమ్మొచ్చి తీగ మీద తీగ పడింది. "తొందరేముందిలే" అని మొత్తం విప్పించాడు.

ఇక నీకు రాయని సంగతి. మార్చిలో నాన్న పొలంలో పడిపోయాడు. గుండె కొట్టుకోవడానికి ఛాతీలో చిన్న యంత్రం పెట్టారు. నీకు రాయొద్దన్నాడు, నేను విన్నాను. ఇప్పుడు వినడం లేదు. నడుస్తున్న కాయిల్ దగ్గరికి వెళితే ఆ యంత్రం తప్పుదారి పట్టవచ్చట. ఎంత దూరముంటే మంచిదో డాక్టరు తేల్చి చెప్పలేదు. రోడ్డు అవతలే ఉండాలని నాన్నే నియమం పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి పాత కాయిల్ మెరుపు కంటికి ఆనదు, అందుకే ఈ పెద్దది.

నిన్న మనలా కాయిళ్లు చుట్టే వాళ్లంతా మన షెడ్డుకి వచ్చారు. కొత్త కాయిల్‌కి మొదటి స్విచ్ చుట్టినవాళ్లే వెయ్యాలి కదా. నాన్న మాట మీద నిలబడతాడని నాకు నమ్మకం లేదు. పొద్దు వాలుతుంటే రోడ్డు అవతలికి పోయి కూర్చోడానికి ట్రక్కు తాళాలు తీసుకున్నాడు.

"తీగ పట్టింది నువ్వే. నువ్వే వెయ్యి."

"నువ్వు మధ్యలో దిగి వస్తే ఆపేస్తాను నాన్నా."

"నీ అరుపులకే ఆగుతుందే నా గుండె. పో."

స్విచ్ వేశాను. మెరుపు షెడ్డు తలుపు దాటి బయటికి సాగింది, ఆర్విడ్ టోపీ తీసేశాడు. నేను మెరుపు చూడలేదు, రోడ్డు వైపే చూశాను. ట్రక్కు తలుపు తెరుచుకోలేదు.

ఆపేసి రోడ్డుకి పరిగెత్తాను.

"కనపడిందా?"

"కనపడింది. ఒంటి మీద పాకిందా?"

"లేదు."

"వాసన ఇక్కడికి రాలేదే" అన్నాడు. మెరుపు పడ్డాక షెడ్డులో వచ్చే ఆ ఘాటు వాసన నీకూ తెలుసు. నా కోటు విప్పి కిటికీలోంచి ఇచ్చాను. ముఖానికి ఆనించుకున్నాడు.

"పందుల కంపు కొడుతోంది" అన్నాడు.

ఇంటికి చేరేదాకా కోటు తిరిగివ్వలేదు.

ఇట్లు,
నీ అక్క
మార్లిస్