రెండు గుప్పెళ్ళ సునాముఖి

తెనాలి చెంచుపేట కాపురస్తురాలు, కీర్తిశేషులు వరప్రసాదం గారి భార్య జ్ఞానమ్మ అను నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, పొద్దున తిన్న నాలుగు ఇడ్లీలూ శుభ్రంగా అరిగాక రాయించిన వీలునామా. దీన్ని అమలు జరిపే బాధ్యత మా సంఘ పెద్ద బర్నబాస్ గారిది. ముప్పై ఏళ్ళుగా నా అరుగుదల చూర్ణం వేసుకుంటున్నారు కాబట్టి ఆయన కాదనలేరు.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు కుమార్తె దానమ్మకీ, కుమారుడు ఫిన్నీకీ చెరి సగం. దీని మీద తగువు లేదు. తగువంతా చూర్ణం మీదే.

2. మా అత్తగారు నోటితో చెప్పిన పాళ్ళు నేను రెండు చీటీల మీద రాసి పిల్లలిద్దరికీ ఇచ్చాను. కరక్కాయలు పన్నెండు, శొంఠి కొమ్ములు ఆరు, సైంధవ లవణం చిన్న గిన్నెడు, కడుపు జాడించే సునాముఖి ఆకు రెండు గుప్పెళ్ళు. రేపల్లెలో మూలికల కొట్టున్న ఫిన్నీ పొల్లుపోకుండా చేసి ఒక పెళ్ళిలో పంచాడు. మర్నాడు మగపెళ్ళివారు బస్సెక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగి పరుగెత్తారు. బాపట్లలో దానమ్మ చేస్తే అచ్చం నాదిలాగే వచ్చింది. “అక్కకి అసలుది ఇచ్చి నాకు దొంగ చీటీ ఇచ్చావు కదే అమ్మా!” అని ఫోన్లో అరిచాడు. ఒరేయ్, కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టేదాన్నట్రా నేను? ఆ మాటకి రెండు రోజులు ఏడ్చాను. రెండేళ్ళయింది, వాడు నా గడప తొక్కలేదు, అక్కతో మాట లేదు.

3. పోయిన నెల దానమ్మ ఆకు కొలుస్తుంటే దాని చెయ్యి చూశాను. నా చెయ్యే, నిమ్మకాయంత గుప్పిట. మా అత్తగారిదీ అంతే. ఫిన్నీది వాళ్ళ నాన్న చెయ్యి, చేటంత. కాయలూ కొమ్ములూ లెక్కపెట్టి వేస్తాం, ఆకు మాత్రం గుప్పిటతో. వాడి రెండు గుప్పెళ్ళంటే నావి నాలుగు! మా ఇంట్లో ఎవరూ కాటా ముట్టలేదు, నాకీ సంగతి తట్టలేదు. తప్పు నాది. మోసం మాత్రం లేదు.

4. రోలు, రోకలి, జల్లించే గుడ్డ ఫిన్నీకి. కొలత హక్కు దానమ్మకి. ఆకు ఆమె కొలవాలి, వాడు దంచాలి. ఒకరు లేకుండా ఇంకొకరు చేసిన చూర్ణానికి నా పేరు పెట్టరాదు.

5. కోడలు క్రిస్టినాకి నా ముత్యాల దుద్దులు. మొగుడికి తెలియకుండా ప్రతి బుధవారం “తిన్నారా అత్తయ్యా” అని ఫోన్ చేసింది, నా తల్లి. నేను చూర్ణంలో వంటసోడా కలుపుతానని ఊరంతా చాటిన ఎదురింటి రమేష్ బాబుకి ఒక ఖాళీ సీసా. మూత ఇవ్వనక్కర్లేదు, ఆయన నోటికీ లేదు.

6. వీలునామా మనిషి పోయాక చదవడం లోకరివాజు. నాకది కుదరదండి. నేను పోయాక వాళ్ళు కలిస్తే నాకేం కనిపిస్తుంది? బర్నబాస్ గారు ఈ ఆదివారం ఆరాధన కాగానే ఇద్దరినీ మా ఇంటికి పిలిచి, నా ఎదుటే చదవాలి. కరక్కాయలు గింజ తీసి ఎండబెట్టాను. ఆకు మూట రోలు పక్కనే ఉంది. రారా ఫిన్నీ. అక్క కొలుస్తుంది, నువ్వు దంచు, నేను రుచి చూస్తాను.

తెనాలి, 2024 నవంబరు 14, గురువారం.

(సంతకం) జ్ఞానమ్మ
అక్షరాలు వంకర గానీ బుద్ధి వంకర కాదు.

సాక్షులు:
1. వెంకటరమణమ్మ, పక్కింటి ఆవిడ
2. విజయసారథి, రిటైర్డ్ లెక్కల మాస్టారు