ప్రమాదం లేని ఇరవై ఎనిమిది రోజులు

జూన్ 2, సోమవారం

ఉదయం 8.10. నేను అధికారినయ్యాను! అడక్కుండానే!

కాలేజీ తెరిచేలోగా ఏదైనా మంచి పని చేద్దామని నెల్లితోపులోని 'తోడు' ట్రస్టుకు వెళ్లాను. మంచం దిగలేని ముసలివాళ్లు నలభై ఇద్దరికి రోజూ మధ్యాహ్నం భోజనం పంపే చిన్న ట్రస్టు. పనిచేసేది ముగ్గురే. కార్యదర్శి పురుషోత్తమన్ సార్. వంట మంగళం అత్త. మూడు చక్రాల సైకిల్ బండి మీద క్యారియర్లు చేరవేసేది వీరాసామి మామ.

నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి సార్ ఒక కాగితం ముందు పెన్ను పట్టుకుని ఆలోచిస్తున్నారు. 'ఆరోగ్యం, భద్రతలకు బాధ్యులు' అన్న గడి ఖాళీగా ఉంది.

"నీ ఇనీషియల్ ఏంది పాపా?"

"కె, సార్."

కె. అనుప్రియ అని రాసేశారు. అంతే!

ఆ కాగితం సేదరపేట్‌లోని ఒక ఫ్యాక్టరీది. వాళ్ల క్యాంటీన్‌లో ఆవిరితో అన్నం వండే అండా, అంటే పెద్ద గుండిగ, ఒకటి ఉందట. కొత్తది కొన్నారు కాబట్టి పాతది మనకిస్తారు. కానీ జూలై 1న వాళ్ల భద్రతాధికారి వచ్చి చూసి, ఇక్కడ పని జాగ్రత్తగా జరుగుతోందని నమ్మితేనే. అది వస్తే గంజి వార్చే పని ఉండదు. ఇప్పుడు మంగళం అత్త సలసలా కాగే అండాను రోజూ ఒంటరిగా వంచి వారుస్తోంది. పదకొండేళ్లుగా!

నా ప్రతిజ్ఞ: జూలై 1 దాకా ఇక్కడ ఒక్క ప్రమాదం కూడా జరగనివ్వను.

కావలసినవి:
1. గోడకు బోర్డు. 'ప్రమాదం లేని రోజులు' అని, కింద అంకె.
2. ప్రమాదాల పుస్తకం. (కొన్నాను. నీలం అట్ట. చివరిదాకా ఖాళీగా ఉండాలి!)
3. హెచ్చరికలు. తెలుగులో!

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగాను గానీ, బడిలో అంతా తమిళమే. తెలుగు అక్షరాలు ఈ వేసవిలోనే భక్తవత్సలం తాత దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఖాళీ గోడ కనిపిస్తే చాలు, చెయ్యి ఆగడం లేదు.

ఈ రోజు మాట: అప్రమత్తత. నోటి నిండా ఉంది.

జూన్ 3, మంగళవారం

ఉదయం 7.00. బోర్డు తగిలించడానికి స్టూల్ ఎక్కాను. స్టూల్‌కు మూడు కాళ్లే గట్టివి. నాలుగోది నాకు చెప్పలేదు.

7.01. నేల మీద ఉన్నాను. మోకాలు, మోచెయ్యి గీసుకున్నాయి.

వీరాసామి మామ బండి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "పాపా, దెబ్బ తగిల్నాదా?"

"లేదు మామా! ఏమీ లేదు!"

పుస్తకంలో రాయాలా? బాగా ఆలోచించాను. నేను పడేటప్పటికి బోర్డు ఇంకా గోడకు తగల్లేదు. బోర్డు లేనిదే లెక్క లేదు. కాబట్టి ఇది లెక్కకు ముందు జరిగిన సంగతి. నియమం నియమమే.

7.20. బోర్డు ఎక్కింది. మళ్లీ అదే స్టూల్ మీద నిలబడి, అంకె వేశాను: 1. ఎంత అందంగా వచ్చిందో!

జూన్ 5, గురువారం

పదకొండు హెచ్చరికలు అతికించాను. గ్యాస్ సిలిండర్ పైన పెట్టినది నాకు అన్నింటికంటే ఇష్టం: 'ఇచ్చట నిప్పు తేరాదు! అప్రమత్తులై మెలగండి!' చుట్టూ ఎర్ర అంచు, నాలుగు మూలలా చిన్న మంటల బొమ్మలు.

మంగళం అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది. "ఎంత ముద్దుగా ఉండాయి పాపా! మురుకులు పిండినట్టు ఉండాయి."

వీరాసామి మామ చెప్పులు విడిచి మరీ చూశాడు. ఎంత గౌరవం!

తనిఖీ మూడుసార్లు. అంతా భద్రం. అంకె: 3.

ఈ రోజు మాట: నివారణ.

జూన్ 8, ఆదివారం

ఈ రోజు వంట లేదు. ఆదివారాలు చర్చి వాళ్లే ముసలివాళ్లకు భోజనం పంపుతారు. అయినా తాళంచెవి అడిగి తీసుకుని వెళ్లి అంకె మార్చాను: 6. ఎవరూ లేని వంటింట్లో ఎవరికీ ఏమీ కాలేదు. విజయం విజయమే.

జూన్ 13, శుక్రవారం

ఉదయం 7.30. వంటింట్లోంచి మంచి వాసన. కర్పూరం వాసన.

7.31. గ్యాస్ సిలిండర్ పక్కన, పళ్లెంలో, కర్పూరం వెలుగుతోంది! పైన నా హెచ్చరికకు కుంకుమబొట్టు, మూర మల్లెపూలు. ముందు మంగళం అత్త, వీరాసామి మామ కళ్లు మూసుకుని నిలబడ్డారు.

7.31న్నర. బిందెడు నీళ్లు కుమ్మరించాను. కర్పూరం ఆరింది. సామి తడిసింది.

"అయ్యయ్యో, ఏంది పాపా ఇట్లా చేసినావు? శుక్రవారం గదా!" అంది అత్త.

"అత్తా, అక్కడ ఏం రాసి ఉందో తెలుసా?"

"సామి శ్లోకం."

"ఏ సామి?"

అత్త మామ వైపు చూసింది. మామ ధైర్యంగా చెప్పాడు. "చుట్టూ మంటలు వేసుండావే పాపా. జ్యోతి సామి అనుకుంటిమి."

వాళ్లకు తెలుగు చదవడం రాదు! ఇన్నాళ్లూ తెలుగే మాట్లాడుకుంటున్నాం. నేను అడగనే లేదు. సార్‌ను అడిగాను. ఆయనకూ రాదు. "మీ తాత కాలం చదువు పాపా అది. మేమంతా తమిళంలోనే గదా చదివింది" అన్నారు.

సాయంత్రం 6.00. తాతకు చెప్పాను. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "మనోళ్ల ఇండ్లల్లో తెలుగు అక్షరాలు యాడుండేది? పూజ గదిలో పాత పుస్తకాల్లోనే గదా! సామి అనుకోక ఏమనుకుంటారు? అది సరే, ఎవురు చదవాలని రాసినావు నువ్వు?"



రేపే అన్నీ తమిళంలో రాసి, బొమ్మలు కూడా వేస్తాను. తప్పకుండా.

పుస్తకంలో రాయాలా? ఎవరూ కాలలేదు. నిఘంటువు చూశాను. ఇది ప్రమాదం కాదు, 'సంఘటన'. బోర్డు మీద 'సంఘటన లేని రోజులు' అని లేదు కదా.

అంకె: 11.

జూన్ 18, బుధవారం

కాలేజీ తెరిచారు. ఉదయం 7.15కు ట్రస్టు, 7.25కు బస్సు. పది నిమిషాల్లో ఏం తనిఖీ చేస్తాం?

తమిళ హెచ్చరికలు: చార్టు కాగితం కొన్నాను. (పసుపు రంగు దొరకలేదు. నీలం మీద హెచ్చరిక బాగుండదు. ఆగాలి.)
తనిఖీ: గుమ్మంలోంచి చూశాను.
స్టూల్ కాలు: చెప్పాలి.
అంకె: మార్చాను! 16!

మంగళం అత్త కుడిచేతికి తుండు చుట్టుకుని, ఎడమచేత్తో కూర కలుపుతోంది. "ఏంటత్తా, కొత్త ఫ్యాషనా?" అన్నాను. "అవును పాపా, మీ కాలేజీలో ఇంకా రాలేదా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు అందింది.

జూన్ 24, మంగళవారం

22!!

సార్ సేదరపేట్‌కు ఫోన్ చేసి చెప్పారు. "ఇరవై రెండు రోజులండీ! గీత కూడా పడలేదు!" వాళ్లు ఆశ్చర్యపోయారట. వీరాసామి మామ కొంచెం కుంటుతూ వచ్చి, బోర్డు చూసి, చేతులు జోడించాడు. (ఈసారి బోర్డుకేనా? అడగలేదు.) అత్త పాయసం చేసింది. రుచి అమోఘం.

'అమోఘం' ఈ రోజు మాట.

తనిఖీ: రేపు. పసుపు చార్టు: రేపు. నీలం పుస్తకం తెరిచి చూశాను. ఎంత తెల్లగా ఉందో!

జూన్ 30, సోమవారం

ఉదయం 7.15. 28. రేపు పది గంటలకు సేదరపేట్ ఆయన వస్తాడు!

11.20. ఒక్క పూటే క్లాసులు. చివరి తనిఖీ చేద్దామని నేరుగా వచ్చాను. మంగళం అత్త గంజి వారుస్తోంది. ఎడమచేత్తో అండా అంచు పట్టుకుని, రెండో వైపు కుడి మోచేత్తో ఆనించి వంచుతోంది. అండా వణికింది. పరిగెత్తి గుడ్డతో పట్టుకున్నాను. ఇద్దరం దాన్ని దించాం. అత్త చేతి మీద తుండు జారింది.

అరచేతి నుంచి మణికట్టు దాకా కాలి ఉంది. బొబ్బ పగిలి, పసుపు పూసిన చోట చీము.

"ఎప్పుడత్తా?"

"రెండు వారాలైంది. గంజి పొంగి పడినాది."

"నాకెందుకు చెప్పలేదు?"

గడ్డంతో బోర్డు చూపించింది. "నాకు నీ అక్షరాలు రావు పాపా. అంకెలొస్తాయి. దినమూ పొద్దున్నే ఒకటి ఎక్కువ రాసి, వెనక్కి జరిగి నిలబడి చూసుకుంటావే... దాన్ని నేనెట్ల చెరిపించేది? ఇంకొక దినం తాళితే ఆవిరి అండా వస్తాది. ఇంక వార్చే పనే లేదు. అంత దాకా సుమ్మా ఊరుకుని ఓర్చుకుందామని ఉంటి."

చేతులు కాలకుండా ఉండడానికి వచ్చే అండా కోసం, కాలిన చేతిని దాచింది. నేనేమో ఫ్యాషనా అని అడిగాను.

12.15. డిస్పెన్సరీ. డాక్టరమ్మ కట్టు కట్టి, నన్నే తిట్టింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే వేళ్లకు ముప్పు వచ్చేదట. పది రోజులు తడి తగలకూడదు, బరువు ఎత్తకూడదు.

"పది దినాలా! అన్నం ఎవురు వార్చేది?" అని అత్త డాక్టరమ్మను గద్దించింది.

మధ్యాహ్నం 3.00. క్యారియర్లన్నీ వెళ్లాక ముగ్గురినీ కూర్చోబెట్టి నీలం పుస్తకం తెరిచాను. "ఎవరినీ ఏమీ అనను. ఇంకా ఏమైనా జరిగాయా?"

సార్ కళ్లజోడు తుడిచారు. మళ్లీ తుడిచారు.

"నేను పడినాను పాపా" అన్నారు చివరికి. "పన్నెండో తేదీ. నీళ్లలో జారి, గోడ పక్కన. పడి పైకి చూస్తే నీ అక్షరాలు. ఏం రాసిందో ఈ పాప అనుకుంటి."

'తడి నేల. మెల్లగా నడవండి' అని రాసింది ఈ పాప.

తరువాత వరసగా వచ్చాయి. వీరాసామి మామ బండికి బ్రేకు పట్టక తొమ్మిదో తేదీన కాలువ గట్టుకు గుద్దుకున్నాడు, మోకాలి కింద వాపు. ఇరవయ్యో తేదీన కొబ్బరి కోరుతూ అత్త ఎడమ వేలు తెగింది. కర్పూరం సంగతి నాకు తెలుసు. పంతొమ్మిదిన స్టూల్ మళ్లీ ఒరిగింది, ఈసారి సార్. అన్నీ రాశాను. ఇరవై ఎనిమిది రోజుల్లో ఆరు.

అప్పుడు వాటి పైన ఖాళీగా వదిలిన వరసలో రాశాను: 'జూన్ 3, ఉదయం 7.01. స్టూల్ మీంచి పడడం. మోకాలు, మోచెయ్యి. కె. అనుప్రియ.'

చదివి వినిపించాను. వీరాసామి మామ తలూపాడు.

"మాకు తెల్సు పాపా. ఆ దినం నువ్వు రక్తం తుడుచుకుని, ఏమీ లేదంటివే. సరే, పెద్ద చదువు చదివిన పాప, ఇదే గాబోలు పద్ధతి అని మేమూ అట్లే చేస్తిమి."

పదకొండు హెచ్చరికల్లో ఒక్కటీ ఎవరికీ అర్థం కాలేదు. నేను చేసింది మాత్రం అందరికీ అర్థమైంది.

3.40. సార్ బోర్డు వైపు చూశారు. "రేపు పది గంటలకు ఆయనొస్తాడు. ఇరవై తొమ్మిది అని ఉంటే అండా మనది. సున్నా ఉంటే..." అత్త కట్టు చూశారు. "సున్నా వెయ్ పాపా. పుస్తకం కూడా చూపించు. ఇస్తే ఇస్తాడు, లేకుంటే ఇద్దరిద్దరం పట్టి వారుస్తాం."

వెంటనే చెరిపేద్దామని స్టూల్ లాగాను.

"ఆ స్టూల్ వద్దు!" ముగ్గురూ ఒకేసారి అరిచారు.

మామ దాన్ని బండి మీద వేసుకుని వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాడు. పొద్దునకి నాలుగు కాళ్లతో తెస్తాడట.

ఈ రోజు మాట: దెబ్బ. చిన్న మాట. జూన్ 3నే మామ నన్ను అడిగిన మాట.

ప్రతిజ్ఞ, మళ్లీ మొదటి నుంచి: ఏం జరిగినా ఆ రోజే చెప్పుకోవాలి. నాతో సహా.

రేపు ఉదయం:
6.15. నీలం చార్టు మీదే తమిళంలో 'దెబ్బ తగిలితే చెప్పండి'. పక్కన చెయ్యి బొమ్మ. (మంటలు వెయ్యకూడదు.)
6.30. పెద్ద అండాకు సెలవు. బియ్యం మూడు చిన్న గిన్నెల్లో. వార్చేది సార్, మామ కలిసి. అత్త కూర్చుని తిడుతూ ఉంటే చాలు.
6.45. బోర్డు మీద 0. స్టూల్ ఎక్కే ముందు, పట్టుకొమ్మని మామను అడగాలి.