సిన్నమ్మాయి గౌను

మంగళారం రాత్రి

నాను పన్జేసే ఇంటి మేడమ్ గారు ఈ ఏడూ పాత బట్టలిచ్చారు. ఆళ్ల పెద్దమ్మాయీ, మా మనవరాలు దుర్గా ఒకే వానాకాలంలో పుట్టేరు. ఇద్దరిదీ ఆరో క్లాసే. ఆ అమ్మాయికి పొట్టయిపోయిన గౌన్లు ఏటేటా మా గుంట దుర్గకొస్తాయి. ఎదిగితే విప్పొచ్చని నాను కింద మడతలెట్టి కుడతాను. ఇప్పటికి ఒక్క మడతా విప్పనేదు. ఈలోగా గౌనే సిరిగిపోతాది.

ఇయ్యాల సంచి సేతికిస్తా మేడమ్ గారు నవ్వేరు. "అప్పయమ్మా, ఇవి మా చిన్నదానివి. పెద్దదానివి ఇస్తే మీ దుర్గ అందులో మునిగిపోతుంది."

ఆ సిన్నది రెండో క్లాసు. నానూ నవ్వీసేను. నవ్వకపోతే ఏటనుకుంటారో, పన్లోంచి తీసేత్తారేమో.

రోజూ ఆళ్ల పిల్లలకి పాలు కాసేది నానే. మా గుంటకి మాత్రం కోడలికి కూలి దొరికిన వారమే గుడ్డు. దుర్గకి దగ్గు కూడా తగ్గట్నేదు. ఇది ఇలాగే ఉండిపోతాదా ఏటి...

ఇంటికొచ్చేక దుర్గ ఆ గౌనేసుకుని గిర్రున తిరిగింది.

"సూడు నానమ్మా, ఈసారి మడతెట్టక్కర్నేదు. సరిగ్గా నాకే కుట్టినట్టుంది."

నడుం దగ్గర ఇంకా ఒదులే. దానికి సెప్పనేదు. అది పడుకున్నాక సూదిలో దారం ఎక్కించేను.