రెండు వేళ్ల ఎత్తు

అత్తమ్మా,

రేపు నీ సంవత్సరీకం. చుట్టాలు రాకముందే నీకొక మాట చెప్పాలి. వంటింటి గుమ్మంలో ఆ అంచు ఇక లేదు.

ముందుగదిలో పాత బండల మీదే టైల్స్ వేయించాం కదా, వంటింటి బండల కంటే అది రెండు వేళ్లు ఎత్తయింది. పక్షవాతం వచ్చాక, వంటింట్లోంచి వచ్చేటప్పుడు నీ ఎడమకాలు రోజూ అక్కడే తట్టుకునేది. అంచు కనబడకుండా కాళ్లు తుడుచుకునే పట్టా వేసింది నేను. ఆ పట్టా జారే నువ్వు పడ్డావు. దవాఖానలో మాత్రం "నాకే కండ్లు మసకలయినయి" అన్నావు. పట్టా మాట ఎత్తలేదు.

పోయిన వారం మిర్యాలగూడ నుంచి మేస్త్రీని పిలిపించాను. "ఇప్పుడెందుకే?" అన్నాడు నీ కొడుకు. నేను వినలేదు. మేస్త్రీ వంటింటి వైపు జానెడు పొడవున సిమెంటు వాలు కట్టాడు. అది మరీ నిటారుగా ఉంది. పగలగొట్టి మూరెడు కట్టమన్నాను.

"ఇంట్ల ముసలోళ్లు ఎవ్వల్లేరు గదమ్మా, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు.

"రేపు నేను ముసలిదాన్ని గానా? మూరెడంటే మూరెడే."

మూడు రోజులు నీళ్లు పట్టాను. ఈ ఉదయం ఎవరూ లేవకముందే, నీలాగే గోడ పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ పొయ్యి దగ్గర్నుంచి ముందుగదిలోకి నడిచాను. ఎక్కడా తట్టలేదు.

రేపు అందరూ భోజనాలకు కూర్చున్నాక, ఆ పట్టా సంగతి నేనే చెప్తాను.