అల్మారా అద్దం

1997, శనివారం రాత్రి

ఏడాదయింది యుద్ధం గేమ్ ముట్టుకోక. ఈయేళ మా ఖరిదా పేటలో బెంగాలీ దాదా నడిపే కంప్యూటర్ సెంటర్‌కి మళ్లీ ఎల్లినాను. ఆనందుగాడి కోసమే ఎల్లినాను.

ఇద్దరికీ కంప్యూటర్ ఒకటే. ఒకడు సైన్యం కదుపుతుంటే రెండోవోడు గోడకేసి తిరిగి కూకోవాల. కిందటేడు ఆడు గోడకున్న అల్మారా అద్దంలో నా టాంకులన్నీ సూసీసి ఓడగొట్టినాడు. "బడి మానేసినోడికి యుద్ధాలేటిరా" అని అందరి ముందరా నవ్వినాడు. అద్దం సంగతి సెప్తే ఎవుడూ నమ్మనేదు.

ఈయేళ టాంకులన్నీ వంతెన కాడ ఎట్టి, ఆడు అద్దంలో తనివితీరా సూసేదాకా ఆగినాను. అప్పుడు కుర్సీ జరిపి అద్దానికి అడ్డంగా కూకుని, అన్నీ అడివిలోకి మార్సీసినాను. ఆడి వంతు రాగానే ఆడు తన సైన్యం మొత్తం వంతెనకి తోలీసినాడు. నాను ఎనకనుంచెల్లి ఆడి రాజధాని పట్టీసినాను.

ఆడు లేసి నిలబడిపోనాడు. "మోసం రా. నీ టాంకులు వంతెన కాడే కదా ఉన్నాయి."

"నీకెలా తెలుసురా బాబూ?"

దాదాతో సహా అందరూ నవ్వీసినారు. ఆడు గుమ్మం కాడ ఇప్పిన సెప్పులు సేత్తో అట్టుకునే ఎల్లిపోనాడు.

రేపు చర్చిలో అయ్యగారు క్షమించమంటారు. క్షమిస్తాను, ఇంకోసారి ఓడగొట్టినాక.